తిరగేసే బాబాయి వేసిన పై దారి

బాబాయి చేతులు అప్పటికే చెప్పుల మీద ఉన్నాయి. లోపల భోజనాలు వడ్డిస్తున్నారు. ఎవరో "రండి, రండి, చల్లారిపోతున్నాయి" అని పిలుస్తున్నారు. ఆయన మాత్రం మా కాలనీ ప్రెసిడెంటు గారి కొత్తింటి మెట్ల మీద గొంతుక్కూర్చుని, ఇంట్లోకి చూస్తున్న చెప్పులన్నిటినీ ఒక్కొక్క జతే ఎత్తి, దుమ్ము దులిపి, వీధివైపు ముఖం తిప్పి పెడుతున్నాడు.

ఇదీ ఆయన జబ్బు. లోకంలో ఏ వస్తువైనా సరే, బయటికి పోయే వైపే చూస్తూ ఉండాలి. చెప్పులు, సైకిళ్లు, స్కూటర్లు, తోపుడుబండ్లు, ఆఖరికి చక్రాలున్న నీళ్లడ్రమ్ము కూడా. మూతీ ముక్కూ లేని డ్రమ్ముకి ముఖం ఎటుంటుందో ఆయనకొక్కడికే తెలుసు. కాలనీ అంతా ఆయన్ని "తిరగేసే బాబాయి" అంటుంది. నాకు సొంత బాబాయి కాదు, పక్కింటాయన. మా గోడకీ వాళ్ల గోడకీ మధ్య ఒక తీగ అడ్డం, అంతే. నా వెల్డింగ్ షాపు ముందు గ్రైండరు బల్ల ఉంటుంది. దాన్ని కూడా తిప్పిపోయాడొకసారి. నిప్పురవ్వలు నా మీదికే వస్తుంటే గాని నాకు తెలియలేదు.

"ఏం బాబాయ్, గ్రైండరు కూడా పారిపోవాలా?" అని అడిగాను.

"అది ఎందుకు పోతుందిరా? నువ్వు పోవాలి. మధ్యలో అదడ్డం" అన్నాడు.

ఆ రోజు భోజనాలయ్యాక అతిథులు బయటికొచ్చి చూస్తే, చెప్పులన్నీ బారులు తీరి వీధివైపు చూస్తున్నాయి. ప్రెసిడెంటు గారి వియ్యపురాలు అక్కడే నిలబడిపోయింది. "భోజనం పెట్టి పొమ్మంటున్నారన్నమాట" అంది మెల్లగా. ఆవిణ్ణి సమాధానపరచడానికి ప్రెసిడెంటు గారి భార్యకి సాయంత్రం దాకా పట్టింది. ప్రెసిడెంటు గారి బాధ వేరు. ఆయన ఇల్లే, ఆయన మెట్లే. అయినా ఆయన బూట్లు అందరికంటే అడుగున, ఆఖరి మెట్టు కూడా దాటి, మట్టిలో ఉన్నాయి.

"చూశావా? ఎవరింటికెళ్లినా అంతే! నా బూట్లు పాతాళంలో ఉంటాయి. కావాలనే చేస్తాడయ్యా ఆయన" అన్నారు నాతో.

పిన్నినడిగితే ఇంకా చాలా చెబుతుంది. సినిమాకెళితే సినిమా చూడడట, గుమ్మం చూస్తాడట. పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే కుర్చీలో పడుకోబెట్టేలోగా, "ఈ కుర్చీ అటు తిప్పితే బాగుంటుందేమో డాక్టరు గారూ" అన్నాడట. డాక్టరు గారు నోరు తెరవమన్నది మూయించడానికేనని పిన్ని అభిప్రాయం.

"పెళ్లైన కొత్తలో నా పెట్టె కూడా గుమ్మంవైపు తిప్పి పెట్టారు. మా అమ్మ చూసి నన్ను తీసుకుపోతానంది" అంటుంది పిన్ని.

"మరి వెళ్లలేదేం పిన్నీ?"

"పెట్టె బరువు. ఆయన మోస్తానన్నారు గాని, మోసేవాణ్ణి వదిలేసి పోవడం బాగుండదు కదా."

బాబాయిది రోడ్ల ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం. మేముండేది కొండవాలున. ఒకప్పుడు పై వరస ఒక్కటే ఉండేది. తరవాత దాని కింద వరస మీద వరస లేచాయి ఇళ్లు. ఇళ్లు పెరిగాయిగాని దారి పెరగలేదు. కొండ దిగడానికి ఉన్నది ఒక్కటే రోడ్డు. అది కింది వరసల మధ్యనుంచే పోతుంది. చుట్టూ అడవి, వేసవిలో మోకాలెత్తు ఎండుగడ్డి. పోయిన వేసవిలో ఎదురు కొండకి కార్చిచ్చు అంటుకుంది. గాలి మళ్లింది కాబట్టి మా దాకా రాలేదు. మేము ఆరేసుకున్న బట్టల మీద బూడిద మాత్రం పడింది. దులుపుకుని మడతపెట్టుకున్నాం. తరవాత ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

అప్పుడే పట్నం ఆఫీసు నుంచి కబురొచ్చింది. మంట వస్తే కాలనీ ఎలా ఖాళీ చేస్తారో ప్లాను పంపండి, ఇంకో దారికి అనుమతి ఇస్తాం, ఒక్కటే దారికి, అన్నారు. ప్రెసిడెంటు గారు ఆ పని బాబాయికి అప్పజెప్పారు. ఇష్టమై కాదు. గీత గీయడం వచ్చినవాడు కాలనీలో ఆయనొక్కడే.

బాబాయి పాత కలప బళ్ల దారి చూపించాడు. అది పై వరస చివరనుంచి మొదలై, కొండ నెత్తి మీదుగా అవతలి వైపు రాళ్ల క్వారీలోకి దిగుతుంది. క్వారీలో గడ్డిపోచ ఉండదు కాబట్టి మంటకి తినడానికేమీ దొరకదు. అక్కణ్ణుంచి పెద్ద రోడ్డు దగ్గరే. పొదలు కొట్టి, రెండు మలుపులు వెడల్పు చేస్తే వ్యాన్లు పోతాయి.

ప్రెసిడెంటు గారు ఒప్పుకోలేదు. "కొత్త దారి కింది వరసల్లోంచి తీద్దాం. జనమంతా ఉన్నది అక్కడే కదా?"

"జనమంతా అక్కడున్నారు కాబట్టే అక్కడ వద్దంటున్నానండీ."

"అదేం లెక్కయ్యా!"

బాబాయి మాటలతో తేల్చే మనిషి కాదు. నా షాపునుంచి నూనె గరాటు పట్టుకొచ్చాడు. ప్రెసిడెంటు గారి బల్ల మీద సీసా పెట్టి, గరాటు పెట్టి, రెండు చెంబుల నీళ్లు ఒక్కసారిగా పోశాడు. నీళ్లు పొంగి బల్ల మీదున్న తెల్లగుడ్డంతా తడిసి, నా నూనె మరకలు దానికి జిగురులా పట్టాయి.

"చూశారా? ఈ చెంబు కింది వరసలు, ఈ చెంబు పై వరస. రెండూ ఒకే గరాటులో పడ్డాయి. పై చెంబు ఇంకో వైపుకి వంచామనుకోండి..." అంటూ మిగిలిన నీళ్లతో దాన్ని నిజంగానే ఇంకో వైపుకి వంచాడు. ఆ వైపు ప్రెసిడెంటు గారు కూర్చున్నారు.

లాగూ తడిసినా ప్రెసిడెంటు గారి పట్టు తడవలేదు. "ముందు రిహార్సలు చేయండి. ఉన్న దారిలోనే దిగి చూద్దాం. బాగా దిగితే నీ పై దారి అక్కర్లేదు" అన్నారు.

రిహార్సలు రేపనగా బాబాయి ఇల్లిల్లూ తిరిగి తాళంచెవులు అడిగి, కాలనీలో ఉన్న ప్రతి బండినీ రోడ్డువైపు ముఖం తిప్పి పెట్టాడు. ఆయన ముఖం చూడాలి ఆ సాయంత్రం. జన్మంతా ఎదురుచూసిన పండగలా వెలిగిపోయింది. ఎక్కడ చూసినా బండ్లన్నీ ముట్టెలు బయటపెట్టి నిలబడ్డాయి.

మర్నాడు పొద్దున ప్రెసిడెంటు గారు మైకులో, "మంట వచ్చింది! బయలుదేరండి!" అని అరిచారు. అరిచి, తనూ పరుగున వెళ్లి కారెక్కారు. అందరూ ఎక్కారు. అందరూ ఒక్కసారే స్టార్టు చేశారు.

అసలు సంగతి ఇక్కడుంది. మా కాలనీలో ఏళ్ల తరబడి అందరూ బండి ముక్కు ఇంటివైపు పెట్టే నిలుపుతారు. పొద్దున్నే ఎక్కగానే చెయ్యి దానంతటదే రివర్సు గేరు మీదికి పోతుంది. ఇంట్లో దీపం స్విచ్చి చూడకుండా వేసినట్టు. ఆ రోజూ పోయింది. కాలనీ మొత్తం ఒక్క ఊపున వెనక్కి కదిలింది.

ప్రెసిడెంటు గారి కారు సొంత పూలకుండీలెక్కి వరండాలో ఆగింది. పాల వ్యాను పాల క్యాన్ల మీదికి పోయి, ఒక క్యాను చక్రానికీ గోడకీ మధ్య ఇరుక్కుంది. రిటైరైన బ్యాంకు ఆయన తను ఆ వారమే సున్నం వేయించిన గోడని తనే గుద్ది, "ఎవడ్రా అది?" అని వెనక్కి చూశారు. మా షాపు మినీ లారీ గురించి నన్నడక్కండి. గ్రైండరు బల్ల కొత్తది కొన్నాను.

ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అభిమానానికి తప్ప. అందరూ రోడ్డు మీదికొచ్చి బాబాయిని చుట్టుముట్టారు.

"ఎవరు తిప్పమన్నారు మిమ్మల్ని?"

"మీరే కదండీ తాళాలిచ్చారు."

"ఇస్తే? చెప్పొద్దూ, బండి అటుంది ఇటుంది అని?"

"రోజూ చెబుతూనే ఉన్నాను కదండీ" అన్నాడు బాబాయి. అది నిజమే. అందుకే ఎవరూ వినడం మానేశారు.

వాదన మంచి పాకాన ఉండగా, పై వరస మలుపు దగ్గర టైలరమ్మ కనిపించింది. పై వరసలో ఆఖరి ఇల్లు ఆవిడది. కుడికాలు చిన్నప్పటినుంచీ సరిగా ఆనదు. చేతికర్రతో నడుస్తుంది. మా కాలనీలో పిల్లల యూనిఫారాలన్నీ ఆవిడ చేతి కుట్టే. కుట్టు విప్పాలంటే బట్ట చిరగాలి గాని దారం తెగదు. ఆవిణ్ణి ఎక్కించుకోవలసింది పాల వ్యాను. అది క్యాను మీద కూర్చుంది. ఆవిడ చాలాసేపు గేటు దగ్గర నిలబడి, ఎవరూ రాకపోతే, కుట్టుమిషను తలకాయ గుడ్డసంచిలో పెట్టి భుజాన వేసుకుని, మెల్లగా దిగుతూ వచ్చింది.

మా గుంపుని చూసి ఆగింది. చెమట తుడుచుకుంది.

"అయిపోయిందా? మంట వచ్చి వెళ్లిపోయిందా?" అని అడిగింది నవ్వుతూ.

అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. ఆవిడ భుజం మీద సంచి తీసుకుని, కింద పెట్టకుండా, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ వారంలోనే ప్రెసిడెంటు గారింట్లో మీటింగు. రెండు ప్లాన్లలో ఏది పంపాలో చేతులెత్తి తేల్చుకోవాలి. కింది దారి పంపితే పై వరసకి ఇక వేరే దారి రాదని అందరికీ తెలుసు. మంట వచ్చిన రోజున టైలరమ్మలాంటివాళ్లు కింది బండ్లన్నీ కదిలేదాకా వాటి వెనకాల నిలబడాల్సిందే. అయినా పూలకుండీల కోపం ఇంకా చల్లారలేదు. బాబాయి గీసిన ప్లాను అయితే చాలు, చూడకుండానే వద్దనేటట్టున్నారు.

దానికి తోడు, ప్రెసిడెంటు గారు ఏదో పని మీద బయటికి వెళ్లి, ఎర్రబడ్డ ముఖంతో లోపలికొచ్చారు.

"మళ్లీ! మళ్లీ నా బూట్లు మట్టిలోనే! ఇది నా ఇల్లు! నేను ఈ కాలనీకి ప్రెసిడెంటుని! పై మెట్టు మీద ఎవరివున్నాయో చూడండి, అరిగిపోయిన రబ్బరు చెప్పులు! నా మీద ఏం కక్షయ్యా నీకు?"

బాబాయి తలొంచుకున్నాడు. "కక్ష కాదండీ..." అని ఆగిపోయాడు.

"ఆ రబ్బరు చెప్పులు నావి" అంది టైలరమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆవిడ ఇబ్బందిగా కొంగు సవరించుకుంది.

"నావి ఎక్కడికెళ్లినా పై మెట్టు మీదే ఉంటాయి. కటకటాల పక్కన, పట్టుకోవడానికి వీలుగా. కుడిది కాస్త ముందుకి ఉంటుంది, కాలు జారిస్తే చాలు తొడుక్కుపోతుంది. వంగక్కర్లేదు నాకు. ఇదేదో అందరిళ్లల్లోనూ మర్యాదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. తమ్ముడు చేస్తున్నాడని తెలీదు."

అందరం లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాం. బాబాయి ఒక్కడే కుర్చీలోంచి లేవలేదు. తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా కూర్చున్నాడు.

నేను ఆ చెప్పుల్ని ఎన్నోసార్లు చూశాను. బయటికి తిరిగి ఉండటమే చూశాను గాని, వరస చూడలేదు. పై మెట్టు మీద టైలరమ్మవి. పక్కనే నెలలు నిండిన పాలాయన కోడలివి, మధ్యలో వేళ్లు దూర్చక్కర్లేని జత. తరవాతి మెట్టున కంటిచూపు మందగించిన బ్యాంకు ఆయనవి, రంగు పట్టీ కంటికి ఆనేలా. చంకన పిల్లాడితో వచ్చినావిడవి, ఆ కింద. తరవాత పిన్నివి, బాబాయివి, నావి. ఎవరు మెల్లగా కదులుతారో వాళ్లవి గుమ్మానికి దగ్గర. మిగతావాళ్లవి ఆ తరవాత. అన్నిటికంటే దూరాన, మట్టిలో, ప్రెసిడెంటు గారివి.

ప్రెసిడెంటు గారు చాలాసేపు చూశారు. వెనక్కి తిరిగి, "మరి నన్నక్కడ ఎందుకు పెట్టావ్?" అనడిగారు, కొంచెం తగ్గిన గొంతుతో.

"మీరు రోజూ పొద్దున్నే ఆ కొండ చుట్టూ పరిగెడతారు కదండీ" అన్నాడు బాబాయి. "ఈ కాలనీలో మీ అంత వేగం ఎవరికుంది? మీరు మెట్లన్నీ ఒక్క దూకులో దిగగలరు. మీకు దగ్గరగా పెట్టడం... కాస్త అవమానమేమో అనిపించింది."

ప్రెసిడెంటు గారు పొట్ట లోపలికి పీల్చుకున్నారు. అంతకుముందు ఆ పొట్టని అలా లోపల చూసినవాళ్లు లేరు.

"అది నిజమేలే" అన్నారు. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదా."

"చెబితే టైలరమ్మక్కయ్యకి కూడా చెప్పినట్టవుతుంది కదండీ" అన్నాడు బాబాయి మెల్లగా. "ఆవిడ కాలు గురించి మెట్ల మీద అందరికీ ఎందుకు చెప్పడం?"

టైలరమ్మ చేతికర్రతో నేల మీద చిన్నగా తట్టింది, అంతే.

పిన్ని మాత్రం ఊరుకోలేదు. "ఏవండీ, మరి నన్ను మధ్య మెట్టు మీద పెట్టారేం? నేనంత మెల్లగానా?"

"నువ్వు మెల్లగా అని కాదే, నీ పక్కన నావి ఉండాలని."

"ఆఁ, చాల్లెండి" అంది పిన్ని. అన్నాక కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. నాకు తెలిసి అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆ తరవాత ప్లాను వివరించడానికి బాబాయికి గరాటు అవసరం రాలేదు. మెట్ల దగ్గరే నిలబడి ప్రెసిడెంటు గారే అందుకున్నారు. "అంటే ఏమిటయ్యా, మెల్లగా కదిలేవాళ్లకి దగ్గర దారి. పై వరస పైనుంచి పోతే, కింద రోడ్డు మాకు ఖాళీ. ఇందులో అర్థం కానిదేముంది? నేను మొదట్నించీ చెబుతున్నదే ఇది!" అన్నారు. ఆయన ఎప్పుడు చెప్పారో ఎవరూ అడగలేదు. చేతులన్నీ లేచాయి. ఇక ఆ రోజునుంచి మగవాళ్లలో కొత్త జబ్బు మొదలైంది. ఎవరింటికెళ్లినా, తమ చెప్పులు ఎంత దూరాన ఉన్నాయో చూసుకుని మురిసిపోవడం. బ్యాంకు ఆయన ఒకసారి తనవి తనే దూరంగా పెట్టుకుని, కనబడక, ఎవరివో వేసుకుపోయారు.

అనుమతి వచ్చింది. పొదలు కొట్టాం, మలుపులు వెడల్పు చేశాం, క్వారీలోకి దిగే చోట రాళ్లు పరిచాం. పనిచేసినవాళ్లలో కబుర్లు చెప్పినవాళ్లూ ఉన్నారు, పలుగు పట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరో వీళ్లెవరో దారి చూస్తే తెలిసిపోతుంది. ఆఖరున మిగిలింది గేటు. అది నా పని.

గేటెందుకంటే, ఖాళీ జాగా కనిపిస్తే ఇసక కుప్ప పోసే అలవాటు మనవాళ్లది. అడ్డం ఏదో ఒకటి ఉండాలి. ప్రెసిడెంటు గారు తాళం వేద్దామన్నారు.

"తాళంచెవి నా దగ్గరే భద్రంగా ఉంటుంది."

"వద్దండీ" అన్నాడు బాబాయి. "మంట వస్తే అందరికంటే ముందు కొండ దిగిపోగలిగేది మీరే. తాళంచెవి మీ జేబులో క్షేమంగా బయటపడుతుంది."

అందుకని తాళం పెట్టలేదు. ఒక చెక్క చీల పెట్టాం. మామూలు రోజుల్లో గేటుని ఆపుతుంది. లాగితే ఊడొస్తుంది, బండి గుద్దితే విరుగుతుంది. గేటు అవతలివైపుకి, పోయేవాళ్ల వైపుకి తెరుచుకుంటుంది. ఇనప పైపు గేటు బరువు గదా, మామూలు బందులు వేస్తే నాలుగు వానలకి పట్టేస్తాయి. నేను పాత లారీ చక్రం బేరింగు సంపాదించి స్తంభంలో కూర్చోబెట్టాను. మొదటిసారి బాబాయి తోసి చూసి, "బాగుందిరా, కానీ నా చెయ్యి కాదు కదా తోసేది" అన్నాడు. విప్పి మళ్లీ కూర్చోబెట్టాను. రెండోసారి తన చిటికెనవేలితో తోసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఆ చెయ్యి చాలు.

ఎండలు ముదరకముందే ఒక పొద్దున, దారి అప్పగించే రోజు పెట్టుకున్నాం. అదే రెండో రిహార్సలు కూడా. కింది వరసలు కింది రోడ్డు మీదుగా దిగాయి. ఈసారి ఎవరూ వెనక్కి పోలేదు. ఖాళీ రోడ్డు చూసి వాళ్లకే నమ్మకం కలగలేదు. పై వరస వాళ్లంతా గేటు దగ్గరికొచ్చారు. ప్రెసిడెంటు గారు కింద కారు వదిలేసి, అంత దూరం పరుగెత్తుకుంటూ ఎక్కొచ్చి, ఆయాసం చూపించకుండా, జేబులోంచి ఉపన్యాసం కాగితం తీశారు.

"ముందు గేటు చూద్దామండీ" అన్నాడు బాబాయి. "అక్కయ్యా, మీరు తియ్యండి."

"నేనా? ప్రెసిడెంటు గారున్నారుగా" అంది టైలరమ్మ.

"ఆయన తీస్తే మనకేం తెలియదు. ఆయన గోడనైనా తోసేస్తారు."

ప్రెసిడెంటు గారు ఒకడుగు పక్కకి జరిగారు, సంతోషంగానే.

టైలరమ్మ చీల లాగి, కుట్టేటప్పుడు గుండుసూదులు పెట్టుకున్నట్టు దాన్ని పెదవుల మధ్య పెట్టుకుంది. ఒక చెయ్యి కర్ర మీద ఉంది. రెండో చెయ్యి గేటు మీద వేసి తోసింది. కిర్రుమనలేదు. గేటు తేలిపోయినట్టు అవతలికి పోయి, ఆపడానికి పెట్టిన రాతి దగ్గర ఆగింది. ఆవిడ దాటి నాలుగడుగులు నడిచింది. కొండ నెత్తి మీద గాలికి కొంగు ఎగురుతుంటే పట్టుకుని, కిందకి, క్వారీ దాకా పోయే దారిని చూసింది. అప్పుడు నోట్లోంచి చీల తీసి, వెనక్కి తిరిగింది.

"మరీ ఇంత తేలికా తమ్ముడూ? మేకలు కూడా తెరుచుకుని పోతాయి!"

"పోనీండి అక్కయ్యా" అన్నాడు బాబాయి. "వాటికీ దారి కావాలి గదా."

అందరం నవ్వుతుండగా, ఆయన మోకాళ్ల మీద కూర్చుని బేరింగుకి ఆఖరి వేలెడు గ్రీజు పూసి, చేతులు లాగూకి తుడుచుకుని లేచాడు. గ్రీజు డబ్బా మూత బిగించి ప్రెసిడెంటు గారి ముందుకి చాపాడు.

"నెలకోసారి కాస్త పూయండి, చాలు. మా పని అయిపోయింది. ఇక ఇది మీది."

ప్రెసిడెంటు గారు ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టేసుకుని, రెండు చేతులా ఆ డబ్బా అందుకున్నారు.